పాపకి 21 నిండితే మా ఫైల్లోంచి పేరు పోతుంది. వీసా మీద ఉన్నవాళ్ళం కాంగ్రెస్‌మన్ ఆఫీసుకి వెళ్ళి అడగొచ్చా?

ఫ్రిస్కో_నాన్న

2011లో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద అమెరికా వచ్చాం. అప్పటికి పాపకి నాలుగేళ్ళు. గ్రీన్‌కార్డుకి ఈబీ-2 ఉద్యోగ కేటగిరీలో ఉన్నాం, క్యూలో మా చోటు చెప్పే ప్రయారిటీ డేట్ 2016. పాప ఇప్పుడు కాలేజీలో ఉంది. ఏ తేదీ వాళ్ళ వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్ మా తేదీ దాకా వచ్చేలోపు దానికి 21 దాటిపోవడం ఖాయమని లాయరు తేల్చి చెప్పేశారు. ఆ రోజు నుంచి నా మీద ఆధారపడ్డ హెచ్-4 వీసా ఉండదు, మా గ్రీన్‌కార్డు ఫైల్లో దాని పేరూ ఉండదు. ఎఫ్-1కి, అంటే స్టూడెంట్ వీసాకి, మార్చండి అంటున్నారు. ఎఫ్-1 కావాలంటే చదువయ్యాక సొంత దేశం వెళ్ళిపోతానని చూపించాలి. పాప ఇండియాలో ఉన్నది ఊహ తెలియని వయసులో. తమ్ముడు ఇక్కడే పుట్టాడు, సిటిజన్. ఒకే బల్ల దగ్గర అన్నం తినే ఇద్దరు పిల్లల్లో ఒకరు ఉండొచ్చు, ఒకరు వెళ్ళాలి.

ఆగస్టులో కాంగ్రెస్‌కి సెలవులు కదా, సభ్యులు ఊళ్ళోనే ఉంటారు, లోకల్ ఆఫీసుకి వెళ్దామని మా వైపు కొంతమంది తల్లిదండ్రులు అనుకుంటున్నారు. మా ఆవిడ వెళ్దామంటోంది. మా అన్నయ్య మాత్రం "వీసా మీద ఉండి ఈ రోజుల్లో నోరెత్తడం కొరివితో తల గోక్కోవడమేరా" అంటున్నాడు.

వెళ్ళడం చట్టప్రకారం సరేనా? వెళ్తే ఏమైనా జరుగుతుందా, లేక ఫోటో దిగి వచ్చేయడమేనా?

వరంగల్_టు_వర్జీనియా

చట్టప్రకారం ఏ అడ్డూ లేదు. ప్రభుత్వానికి విన్నవించుకునే హక్కు రాజ్యాంగం మొదటి సవరణలోనే ఉంది, అది సిటిజన్లకి మాత్రమే అని అక్కడ లేదు. ఇంకో మాట. జనాభా లెక్కల్లో మిమ్మల్ని, మీ పాపని కూడా లెక్కేసుకునే మీ రాష్ట్రానికి కాంగ్రెస్‌లో అన్ని సీట్లు వచ్చాయి. ఓటు లేకపోయినా ఆ ఆఫీసు మీకోసం కూడా పనిచేయాలి.

ఒక్కటి మాత్రం చేయకండి. ఎన్నికల అభ్యర్థులకి చందా ఇవ్వకూడదు. గ్రీన్‌కార్డు వచ్చేదాకా అది నేరం. ఎవరైనా "టికెట్ కొనండి, విందుకి రండి, సెనేటర్‌తో మాట్లాడొచ్చు" అన్నా వద్దనండి.

మౌనమే_మేలు

చట్టం ఉంది, ఒప్పుకుంటా. 2025లో ఏం జరిగిందో కూడా చూశాం. రాసిన రాతలకి, మాట్లాడిన మాటలకి స్టూడెంట్ల వీసాలు రద్దు చేశారు. డిసెంబర్ 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్ళ సోషల్ మీడియా కూడా చూస్తున్నారు, ఖాతాలు అందరికీ కనపడేలా పెట్టమన్నారు. ఆ నెలలో పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్ళినవాళ్ళ అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి. అమ్మ ఇక్కడ, నాన్న హైదరాబాద్‌లో. ఇంత టెన్షన్‌లో ఆఫీసులకి వెళ్ళి పేర్లు రాయించుకోవడం అవసరమా? సిటిజన్లు ఉన్నారుగా, వాళ్ళని అడగనివ్వండి.

ఫ్రిస్కో_నాన్న

మౌనం గారూ, మా అన్నయ్య అన్నదీ అదే. కాకపోతే సిటిజన్లయినవాళ్ళకి ఈ సమస్య లేదు కదండీ, వాళ్ళు ఎందుకు అడుగుతారు?

కేరీ_శ్రీదేవి

ఎందుకు అడగరు? నేను సిటిజన్ని, నేను అడుగుతూనే ఉన్నాను. మా చెల్లెలి కొడుకు ఇలాగే 21 దాటి ఎఫ్-1లోకి మారాల్సి వచ్చింది. అందుకే దీని వెంట పడ్డాను.

వాషింగ్టన్‌లో ఆఫీసు మీటింగ్ ఎలా ఉంటుందో చెప్తాను, వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది. సభ్యుడు కనపడతాడని ఆశ పెట్టుకోకండి. ఇరవై ఐదేళ్ళ కుర్రాడో అమ్మాయో వస్తారు, లెజిస్లేటివ్ స్టాఫ్. గదిలో కుర్చీలు చాలవు, ఒక్కోసారి కారిడార్‌లో నిలబడే మాట్లాడాలి. ఉండేది పావుగంట. ఒకసారి మా చెల్లెలి కొడుకు తన కథ చెప్తుంటే ఆ స్టాఫ్ అమ్మాయి పసుపుపచ్చ లీగల్ ప్యాడ్ మీద రాసుకుంటోంది. సగంలో పెన్ను ఆపి, "ఒక్క నిమిషం, నువ్వు లీగల్‌గానే వచ్చావు కదా? మరి ఎందుకు వెళ్ళాలి?" అని అడిగింది. నాలుగు వాక్యాల్లో చెప్పాడు. ఆమె రాసుకున్న కాగితం మీద "లీగల్" అన్న మాట కింద రెండు గీతలు గీసింది.

నేను చూసినంతలో అటూ ఇటూ రెండు పార్టీల ఆఫీసుల్లోనూ అదే ప్రశ్న వస్తుంది. తల్లిదండ్రులతో చట్టబద్ధంగా వచ్చిన పిల్లలకి దారి ఉండే ఉంటుందని అందరూ అనుకుంటారు. లేదని తెలియదు. చిన్నప్పుడే వచ్చి కాగితాలు లేకుండా ఉన్నవాళ్ళని పంపేయకుండా ఆపే డాకా, 2012లో వచ్చింది, అది కూడా వీళ్ళకి వర్తించదు, దానికి ఆ ఏడాది జూన్ 15 నాటికి స్టేటస్ లేకుండా ఉండాలి. కాగితాలు సరిగ్గా ఉంచుకున్నందుకే వీళ్ళు బయట మిగిలిపోయారు.

మా దగ్గరి కాంగ్రెస్ సభ్యురాలు డెబోరా రాస్ 2021లో ఇలాంటి పిల్లలకి దారి ఇచ్చే బిల్లు, అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్, పెట్టారు. సెనేట్‌లో డెమోక్రాట్ పడీయా, రిపబ్లికన్ రాండ్ పాల్ కలిసి పెట్టారు. 2023లో మళ్ళీ పెట్టారు. దానికి వెనక ఉన్నది లాబీయిస్టులు కాదు, ఇంప్రూవ్ ద డ్రీమ్ పేరుతో ఒక్కటైన పిల్లలే. దేశం మొత్తం మీద ఇలాంటి పిల్లలు రెండు లక్షల పైమాటే అని అంచనా.

ఖమ్మం_కుర్రాడు

బిల్లు పెట్టడం వేరు, పాసవడం వేరు అక్కా. ఐదేళ్ళు దాటింది.

మా నాయనమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ఆ కార్డేదో ఇంకా రాలేదా, రిజిస్టర్ పోస్టులో పంపమనరాదూ" అంటుంది. ఆవిడకి ఏం చెప్పాలో ఇప్పటికీ తెలీదు.

లెక్కల_మాష్టారు

అసలు ముడి ఎక్కడుందో తెలియకపోతే ఆఫీసులో రెండో ప్రశ్నకే తడబడతారు. అందుకే కాస్త ఓపిగ్గా చదవండి.

ఉద్యోగాల కోటాలో ఏడాదికి 1,40,000 గ్రీన్‌కార్డులు. ఈ అంకె 1990 చట్టంలోది, ఇప్పటికీ అదే. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదు. ఇండియాకీ అంతే, ఐస్‌లాండ్‌కీ అంతే. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియనిది ఏంటంటే, ఆ 1,40,000లో భార్యాభర్తలు, పిల్లలు కూడా కలిసే ఉంటారు. నలుగురున్న ఇల్లు నాలుగు కార్డులు తినేస్తుంది. కోటాలో సగం పైగా కుటుంబసభ్యులకే పోతోంది. ఇంజనీర్లకని పెట్టిన కోటాలో ఇంజనీర్లకి దక్కేది సగం కూడా కాదు. కుటుంబాన్ని లెక్కలోంచి తీసేస్తే చాలు, ఏ దేశం వాళ్ళకీ నష్టం లేకుండా క్యూ కదులుతుంది. 2019లో లేహీ, డర్బిన్ పెట్టిన రిలీఫ్ యాక్ట్ బిల్లులో ఇది కూడా ఉంది.

ఇక పిల్లల వయసు. 2002లో చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్ వచ్చింది. మన వంతు వచ్చి గ్రీన్‌కార్డు నంబరు అందిన రోజు పిల్లల వయసులోంచి ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) పెండింగ్‌లో ఉన్న రోజులు తీసేస్తారు. ఐ-140 ఎనిమిది నెలలు నలిగితే ఎనిమిది నెలలు కలిసొస్తాయి. త్వరగా తేల్చే ప్రీమియం ఫీజు కట్టి పదిహేను రోజుల్లో తెచ్చుకుంటే పదిహేను రోజులే. పిల్లలు పెద్దవాళ్ళయి ఉంటే ప్రీమియం కట్టే ముందు లాయర్‌తో ఈ ముక్క తప్పకుండా మాట్లాడండి, చాలామంది లాయర్లు అడిగితేగానీ చెప్పరు.

అన్నట్టు, నంబరు అందినట్టు దేన్ని బట్టి చూస్తారన్నది కూడా మారుతోంది. 2023 ఫిబ్రవరిలో ఇమ్మిగ్రేషన్ ఏజెన్సీ యూఎస్‌సీఐఎస్ వాళ్ళు బులెటిన్‌లోని ఫైలింగ్ చార్టు (అప్లికేషన్ ఎప్పుడు పెట్టొచ్చో చెప్పేది) చూస్తామన్నారు, చాలామంది పిల్లలు ఒడ్డున పడ్డారు. 2025 ఆగస్టు 15 నుంచి పెట్టిన అప్లికేషన్లకి మళ్ళీ ఫైనల్ యాక్షన్ చార్టే (కార్డు ఎప్పుడు ఇవ్వొచ్చో చెప్పేది) అన్నారు. అంటే చట్టం మారకుండానే, పాలసీ కాగితం ఒక్కటి మారి, పిల్లలు ఒడ్డెక్కారు, మళ్ళీ నీళ్ళలో పడ్డారు. ఫ్రిస్కో గారూ, మీరు అడగాల్సినవాటిలో ఇదొకటి. దీనికి బిల్లు అక్కర్లేదు.

ఫ్రిస్కో_నాన్న

మాష్టారూ, ఈ రెండో విషయం మా లాయరు ఒక్క ముక్క చెప్పలేదు. థాంక్యూ.

పాత_కాపు_2004

"అడిగితే ఏమొస్తుంది" అనేవాళ్ళకి 2007 జూలై సంగతి చెప్పాలి. ఇప్పటి కుర్రాళ్ళకి తెలియదు.

ఆ జూన్‌లో బులెటిన్ వచ్చింది. జూలైలో దాదాపు అన్ని ఉద్యోగ కేటగిరీలూ కరెంట్, అంటే తేదీతో పని లేకుండా పెట్టుకోవచ్చు, అన్నారు. జనం పరుగులు పెట్టారు. మెడికల్ పరీక్షలు, టీకాలు, ఇండియాలో ఉన్న భార్యాపిల్లల్ని హడావిడిగా టికెట్లు కొని రప్పించడం, లాయర్ ఫీజులు. తీరా జూలై 2న, నంబర్లు అయిపోయాయి, అప్లికేషన్లు తీసుకోం అన్నారు. ఎంత మంది ఏడ్చారో.

అప్పుడు మనవాళ్ళు రాళ్ళు వేయలేదు. జూలై 10న వందల పూల గుత్తులు యూఎస్‌సీఐఎస్ డైరెక్టర్ పేరు మీద ఆఫీసుకి పంపించారు. గాంధీగిరి అన్నారు. ఆయన వాటిని వాల్టర్ రీడ్ ఆసుపత్రిలో గాయపడ్డ సైనికులకి పంపారు. పేపర్లలో వచ్చింది. శాన్ హోసేలో ఊరేగింపు జరిగింది. కోర్టు కేసులూ పడ్డాయి, కాంగ్రెస్‌లో జో లాఫ్‌గ్రెన్ లాంటి వాళ్ళు నిలదీశారు. జూలై 17న మాట వెనక్కి తీసుకుని, ఆగస్టు 17 దాకా అప్లికేషన్లు తీసుకున్నారు. ఆ నెలలో ఫైల్ చేసిన కుటుంబాల్లో మాదీ ఒకటి. మా ఆవిడకి పని చేసుకునే కార్డు వచ్చింది, మేము ఊపిరి పీల్చుకున్నాం. ఆ పూలు పంపిన వాళ్ళంతా వీసా మీద ఉన్నవాళ్ళే.

మౌనమే_మేలు

అది 2007, సార్. ఇప్పుడు రోజులు వేరు.

పాత_కాపు_2004

రోజులు వేరే. కాదనను. భయం అప్పుడూ ఉంది. 2001 దాడుల తర్వాత ఆరేళ్ళకే అది. పేరు ఇవ్వడం ఇష్టం లేనివాళ్ళు పూల డబ్బులు ఇచ్చారు, పేరు ఇవ్వగలిగినవాళ్ళు విలేఖరులతో మాట్లాడారు. అందరూ ముందు వరుసలో నిలబడక్కర్లేదు.

నిజం_నిప్పు

నా బాధ వేరే. మన సమస్యని బోర్డర్ దాటి వచ్చినవాళ్ళ సమస్యతో కలిపి "ఇమ్మిగ్రేషన్ సంస్కరణ" అని ఒకే మూటలో కట్టినంత కాలం మనకి న్యాయం జరగదు. 2013లో సెనేట్‌లో 68-32తో పాసయిన పెద్ద బిల్లు కింది సభ హౌస్‌లో ఓటింగ్‌కే రాలేదు. కారణం అదే. మనం లీగల్. మన క్యూ మనది. మన బిల్లు విడిగా అడుగుదాం.

పాత_కాపు_2004

విడిగా కూడా అడిగాం నిప్పు గారూ. 2011 నవంబర్‌లో దేశాల పరిమితి తీసేసే బిల్లు హౌస్‌లో 389-15తో పాసయింది. సెనేట్‌లో ఆగింది. 2019 జూలై 10న మళ్ళీ హౌస్‌లో 365-65. సెనేట్‌లో ఒక్కొక్కరూ అడ్డం పడుతూ, మార్పులు చేస్తూ, 2020 డిసెంబర్ 2న ఏకగ్రీవంగా పాసయింది. కానీ రెండు సభల్లో పాసయినవి ఒకేలా లేవు. వాటిని కలిపేలోపు జనవరి 3న ఆ కాంగ్రెస్ గడువే ముగిసింది. అంత దగ్గరకి వచ్చి పోయింది. విడిగా అడిగినంత మాత్రాన పనవుతుందని లేదు.

లెక్కల_మాష్టారు

దానికి తోడు, ఆ బిల్లులో మొత్తం అంకె పెరగలేదు. మనకి ముందుకి జరిగితే ఇరాన్ వాళ్ళకి, ఫిలిప్పీన్స్ నర్సులకి వెనక్కి జరుగుతుందన్న భయంతో వాళ్ళు ఎదురు తిరిగారు. వాళ్ళవీ కుటుంబాలే. అందుకే కుటుంబసభ్యుల్ని లెక్కలోంచి తీసేయమని అడగడం మంచిది, దానికి ఎదురు నిలిచేవాళ్ళు తక్కువ.

ఒహైయో_లత

నిప్పు గారూ, "మనం" అంటే ఎవరు? మా పెదనాన్న గారి అమ్మాయి ఎఫ్-1 మీద వచ్చింది. చదివిన కాలేజీ మూతపడింది, స్టేటస్ పోయింది. వెళ్ళిపోవాల్సింది, వెళ్ళలేదు, అప్పటికే ప్రేమించిన అబ్బాయి ఇక్కడి సిటిజన్. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. ఆవిడ వచ్చింది వీసా మీదే కాబట్టి భర్త ద్వారా ఇక్కడే ఉండి కాగితాలు సరిచేసుకోగలిగింది. అదే పక్కింటి గ్వాటెమాలా అమ్మాయి, ఆవిడ భర్తా సిటిజనే, ఆవిడకీ ఇద్దరు పిల్లలే. బోర్డర్ దాటి వచ్చింది కాబట్టి కాగితాల కోసం దేశం వదిలి వెళ్ళాలి. వెళ్ళిన మరుక్షణం 1996 చట్టం ప్రకారం పదేళ్ళ నిషేధం పడుతుంది. మినహాయింపు అడగొచ్చు, దానికి ఏళ్ళు పడుతుంది. వీళ్ళ కోసమే 2024 ఆగస్టులో దేశం వదలకుండానే కాగితాలు సరిచేసుకునేలా కీపింగ్ ఫ్యామిలీస్ టుగెదర్ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. టెక్సాస్ ఫెడరల్ కోర్టు వారంలోనే ఆపింది, నవంబర్‌లో చెల్లదని కొట్టేసింది.

మా అక్క వంటగదిలో ఆ అమ్మాయి కూర్చుని ఏడుస్తుంటే పక్కన కూర్చున్నాను. మీ క్యూ వేరు, మా క్యూ వేరు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. 2018లో బోర్డర్ దగ్గర పిల్లల్ని తల్లుల చేతుల్లోంచి తీసుకుని వేరే చోట పెట్టినప్పుడు మన గ్రూపుల్లో "మనకెందుకు" అన్నవాళ్ళే, 2020 జూన్‌లో హెచ్-4 వాళ్ళ రాక ఆపేసి మన పిల్లలు అటు, తల్లిదండ్రులు ఇటు అయినప్పుడు "ఎవరూ మాట్లాడరేం" అన్నారు.

నిజం_నిప్పు

లత గారూ, ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. పిల్లల్ని విడదీయడం తప్పే, అందులో రెండో మాట లేదు. నేనంటున్నది వ్యూహం గురించి. రిపబ్లికన్ ఆఫీసులో కూర్చుని అన్నీ కలిపి అడిగితే తలుపు మూసేస్తారు.

ఒహైయో_లత

ఆఫీసులో మీ పాప విషయమే అడగండి. పక్కవాళ్ళని తక్కువ చేసి అడగొద్దు అంటున్నాను, అంతే.

కేరీ_శ్రీదేవి

నాదీ లత గారి మాటే. "మేం వాళ్ళలాంటి వాళ్ళం కాదు" అని మొదలుపెట్టిన మీటింగులు నేను చూశాను. స్టాఫ్ ముఖం చూస్తే తెలుస్తుంది, వాళ్ళకి అది నచ్చదు. పావుగంటలో ఐదు నిమిషాలు దానికే పోతాయి.

పెళ్ళయినా_ఒంటరిని

అందరూ హెచ్-1బి గురించే మాట్లాడుతున్నారు. నాది గ్రీన్‌కార్డు, నాన్నగారి ద్వారా వచ్చింది. పెళ్ళి విజయవాడలో అయింది. హెచ్-1బి వాడి భార్య హెచ్-4 మీద నెలల్లో వచ్చేస్తుంది. స్టూడెంట్ భార్య కూడా వస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాడి భార్య మాత్రం ఎఫ్2ఏ క్యూలో ఏళ్ళు కూర్చోవాలి. విజిటర్ వీసా అడిగితే, భర్త అక్కడే ఉన్నాడు, వెళ్తే తిరిగి రావు అని రిజెక్ట్. మా బాబు పుట్టినప్పుడు నేను వీడియో కాల్‌లో ఉన్నాను. నర్సు ఫోన్ పట్టుకుంది.

లెక్కల_మాష్టారు

దీనికి ఒకప్పుడు మందు కనిపెట్టారు తమ్ముడూ. 2000 డిసెంబర్‌లో లైఫ్ యాక్ట్ కింద వి వీసా అని ఇచ్చారు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళ భార్యాపిల్లలు మూడేళ్ళకి పైగా క్యూలో ఉంటే ఇక్కడికి వచ్చి, కలిసి ఉండి, పని కూడా చేసుకుంటూ వేచి ఉండొచ్చు. అయితే 2000 డిసెంబర్ 21 లోపు పిటిషన్ వేసినవాళ్ళకే అన్నారు. ఆ తేదీ ఒక్కటి మారిస్తే చాలు. కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. మీ సెనేటర్ ఆఫీసులో "వి వీసా తేదీ మార్చండి" అని ఆ ఒక్క ముక్క అడగండి.

పెళ్ళయినా_ఒంటరిని

ఇది మొదటిసారి వింటున్నా మాష్టారూ. రాసుకున్నా.

హెచ్4_పద్మజ

ఆడవాళ్ళ సంగతీ చెప్పాలి. 2015 మే 26న హెచ్-4 వాళ్ళకి పని చేసే అనుమతి మొదలైంది. అది కూడా ఊరికే రాలేదు, వందల మంది భార్యలు తమ కథలు రాసి పంపారు, ప్రభుత్వం అభిప్రాయాలు అడిగినప్పుడు కూర్చుని కామెంట్లు పెట్టారు. దాన్ని కొట్టేయమని ఏళ్ళ తరబడి కోర్టులో కేసు నడిచింది. 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసు వినం అంది, అనుమతి నిలబడింది. అదే నెలాఖరున ఇంకో దెబ్బ. రెన్యువల్ పెట్టుకుంటే దానంతటదే వచ్చే 540 రోజుల పొడిగింపు తీసేశారు. కార్డు గడువు అయ్యేలోపు కొత్తది రాకపోతే ఉద్యోగం ఆపేయాలి. నా బ్యాడ్జ్ ఆఫీసులో ఇచ్చేసి వచ్చాను. ఇంటి లోన్ ఇద్దరి జీతాల మీద తీసుకున్నది.

ఇంకోటి, చెప్పడానికే కష్టంగా ఉంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లో కూచిభొట్ల శ్రీనివాస్ గారిని కాల్చి చంపారు. ఆయన భార్య సునయన గారు అంత్యక్రియలకి హైదరాబాద్ వెళ్తే, తిరిగి రావడానికి వీసాయే లేదు. భర్త పోతే భర్త మీద ఆధారపడ్డ వీసా కూడా పోయినట్టే. అక్కడి కాంగ్రెస్‌మన్ కెవిన్ యోడర్ జోక్యం చేసుకుంటే తిరిగి రాగలిగారు. ఆయన రిపబ్లికన్. ఆ తర్వాత దేశాల పరిమితి తీసేసే బిల్లుని ఆయనే భుజాన వేసుకున్నారు. మౌనం గారూ, సునయన గారు నోరెత్తింది ఏ సిటిజన్‌షిప్ చూసుకుని? ఇంత జరిగాక కూడా అదే ఊళ్ళో ఉండి మాట్లాడారు.

మౌనమే_మేలు

పద్మజ గారూ, దానికి నా దగ్గర జవాబు లేదు. భయం మాత్రం నిజం. ఇల్లు గడవాలి కదా.

లండన్_లక్ష్మి

ఇక్కడా ఇదే గోల. 2024 ఏప్రిల్‌లో భార్యనో భర్తనో తెచ్చుకోవాలంటే ఉండాల్సిన జీతం 18,600 పౌండ్ల నుంచి 29,000కి పెంచారు. దానికి ముందే మార్చిలో కేర్ వర్కర్లు కుటుంబాన్ని తెచ్చుకోకూడదన్నారు. కేర్ వర్కర్లుగా వచ్చిన మన తెలుగు తల్లులు ఎంతమంది ఇక్కడి ముసలివాళ్ళకి అన్నం తినిపిస్తూ, సొంత పిల్లల్ని ఫోన్లో చూసుకుంటున్నారో.

ఖమ్మం_కుర్రాడు

మన సంఘాల మహాసభలకి వేల మంది వస్తారు. సినిమా హీరోతో ఫోటో కోసం గంటల క్యూ. ఇమ్మిగ్రేషన్ సెషన్ ఏ మూల గదిలోనో, భోజనాల టైములో పెడతారు. ఆ సెషన్‌ని మెయిన్ స్టేజ్ మీద, హీరో రావడానికి పది నిమిషాల ముందు పెట్టండి. ఒక్కడూ లేచి వెళ్ళడు 😀

వరంగల్_టు_వర్జీనియా

ఇది జోకు కాదు తమ్ముడూ, మంచి ఐడియా. ఎన్నికల ముందు కాంగ్రెస్ సభ్యులు మన సభలకి వచ్చి నమస్కారం పెట్టి పోతారు. అదే స్టేజ్ మీద ఒక పిల్లనో పిల్లాడినో మాట్లాడనివ్వాలి.

పందొమ్మిదేళ్ళ_హెచ్4

నాకు తెలుగు చదవడం రాదు, మాట్లాడటం వచ్చు. నేను చెప్తున్నాను, అమ్మ టైప్ చేస్తోంది.

పదహారేళ్ళప్పుడు నా ఫ్రెండ్స్ అందరూ ఐస్‌క్రీమ్ షాపులో పనికి చేరారు. నన్నూ రమ్మన్నారు. ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగారు, నాకు లేదు. అప్పుడు అమ్మ కూర్చోబెట్టి అన్నీ చెప్పింది. కాలేజీకి అప్లై చేసేటప్పుడు ఫెడరల్ ఎయిడ్ లేదు. కొన్ని కాలేజీలు ఇంటర్నేషనల్ స్టూడెంట్ అన్నాయి. నేను కిండర్‌గార్టెన్ నుంచి ఇక్కడే చదివాను.

పెద్దవాళ్ళంతా మా గురించి మాట్లాడుతున్నారు, థాంక్స్. ఆఫీసులకి వెళ్ళేటప్పుడు మమ్మల్ని కూడా తీసుకెళ్ళండి. నాన్న మాట్లాడితే వాళ్ళు వీసా గురించి వింటారు. నేను మాట్లాడితే నా గురించి వింటారు. నేను ఒకసారి వెళ్ళాను. నాకు భయం వేయలేదు.

ఒహైయో_లత

బంగారు తల్లీ, నువ్వు చెప్పిందే ఇక్కడ అందరూ చెప్పినవాటికంటే బాగుంది.

ఫ్రిస్కో_నాన్న

ఇప్పుడే మా పాపకి ఈ పోస్టు చదివి వినిపించాను. తనూ వస్తానంటోంది. వెళ్ళడానికే నిర్ణయించుకున్నాం. ఇంకా రెండు చిన్న సందేహాలు. అపాయింట్‌మెంట్ ఎలా అడగాలి? మా సభ్యుడు ఇమ్మిగ్రేషన్ అంటేనే పడని మనిషి, అయినా ఉపయోగం ఉంటుందా?

నిజం_నిప్పు

పడని మనిషి దగ్గరికే వెళ్ళాలి. ఒప్పుకున్నవాళ్ళ ఓటు ఎలాగూ ఉంది. మీరు పనిచేసే కంపెనీ మేనేజర్ ఒక లెటర్ ఇస్తే పట్టుకెళ్ళండి, మీ జిల్లాలో ఎంత టాక్స్ కడుతున్నారో రాయండి. చర్చికి వెళ్ళే పొరుగువాళ్ళెవరైనా మీతో వస్తే ఇంకా మంచిది. కుటుంబం గురించి వాళ్ళు పట్టించుకుంటామంటారు కదా, ఆ మాట మీదే నిలబెట్టండి. ఈ విషయంలో లత గారితో నాకు పేచీ లేదు.

వరంగల్_టు_వర్జీనియా

సభ్యుడి వెబ్‌సైటులో మీటింగ్ రిక్వెస్ట్ ఫారం ఉంటుంది, మీ ఇంటి అడ్రస్ వేసి పంపండి. అడ్రస్ జిల్లాలోది కాకపోతే పక్కన పెట్టేస్తారు. రెండు వారాలు చూసి ఫోన్ చేయండి. జిల్లా ఆఫీసులో ఉండేది ఎక్కువగా కేస్‌వర్క్ స్టాఫ్, అంటే ఆగిపోయిన ఫైళ్ళు కదిలించేవాళ్ళు. బిల్లుల సంగతి చూసేవాళ్ళు వాషింగ్టన్‌లో ఉంటారు. "ఇమ్మిగ్రేషన్ చూసే లెజిస్లేటివ్ స్టాఫ్‌ని వీడియోలో కలపండి" అని ముందే అడిగితే కలుపుతారు. పద్మజ గారూ, మీ రెన్యువల్ ఆలస్యానికి మాత్రం కేస్‌వర్క్ ఆఫీసే సరైన చోటు, మీ ఫైలు చూడటానికి ఒప్పుకునే ప్రైవసీ ఫారం సంతకం పెట్టి ఇవ్వండి.

హెచ్4_పద్మజ

ఈ ఫారం సంగతి నాకు తెలియదు. సోమవారం పొద్దున్నే ఫోన్ చేస్తాను.

కేరీ_శ్రీదేవి

ఫ్రిస్కో గారూ, ఒక్క పేజీ కాగితం తయారు చేసుకోండి. పైన పాప ఫోటో, నాలుగేళ్ళప్పటిది ఒకటి, ఇప్పటిది ఒకటి. కింద ఐదు లైన్లలో కథ. ఆ కింద మీరు అడిగేవి రెండే: పిల్లల బిల్లుకి మీ పేరూ కలిపి కో-స్పాన్సర్ చేయండి, వయసు లెక్కకి ఫైలింగ్ చార్టు వాడమని ఏజెన్సీకి ఉత్తరం రాయండి. బిల్లు ఈ కాంగ్రెస్‌లో ఏ నంబరు మీద ఉందో ఆ వారం చూసి వేయండి, ప్రతి కాంగ్రెస్‌కీ నంబరు మారుతుంది. పాస్‌పోర్టు, ఐ-797 (ఇమ్మిగ్రేషన్ ఆమోదం నోటీసు) కాపీలు ఇవ్వకండి, వాళ్ళకి అవసరం లేదు. ఏ-నంబర్లు (ఇమ్మిగ్రేషన్ ఫైలు నంబర్లు) కాగితం మీద రాయకండి. ముందు పాప మాట్లాడాలి, తర్వాత మీరు. లోపల ఉన్నవాళ్ళ పేరు, ఈమెయిలు అడిగి తీసుకోండి. రెండు రోజుల్లో థాంక్యూ మెయిల్ పెట్టి, నెలకోసారి పలకరిస్తూ ఉండండి, ఆ స్టాఫ్ మారిపోతే కొత్తవాళ్ళకి మళ్ళీ మొదటి నుంచి చెప్పండి.

మౌనమే_మేలు

ఆ ఒక పేజీ నమూనా ఎవరైనా ఇక్కడ పెడతారా? పేరు లేకుండా. మా బాబుకి వచ్చే ఏడాది 18.